ఊపిరాడని పసుపు వ్యాను

గడియారాలు బాగుచేసే మనిషి నిదానస్తుడై ఉంటాడని అందరూ అనుకుంటారు. సెకనుముల్లు విషయంలో అది సగమే నిజం. దుకాణంలో బల్ల ముందు కూర్చుని కంటికి భూతద్దం బిగించుకున్నంతసేపు ఆయనంత ఓపికమంతుడు లేడు. అద్దం తీసి లేచాడా, ఇక ఆగడు. నడక మొదలుపెడితే ఆగడు, మాట మొదలుపెడితే ఆగడు, బండెక్కితే అసలే ఆగడు. అందుకే బావమరిది ఆయనకా పేరు పెట్టాడు. అది వీధంతా పాకి, చివరికి అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఎవరినో అనుకుని ఆయనే ముందుకు సాగిపోయే స్థితి వచ్చింది.

దుకాణం శిష్యుడి చేతిలో పెట్టి తీరిక చిక్కించుకున్నాక ఆయన ఒక పాత వ్యాను కొన్నాడు. లోపల పడకలు, మడతబల్ల, చిన్న పొయ్యి, చేతులు కడుక్కోవడానికో తొట్టి, కిటికీలకు పూల తెరలు. చక్రాల మీద ఇల్లన్నమాట. వయసులో అది ఆయన పెళ్ళికంటే కాస్తే చిన్నది. ఇంజను వెనకవైపు ఉండేది. దాని తలుపెత్తి చూసిన మొదటిరోజే ఆయన, ఏ యంత్రమైనా పెద్ద గడియారమే, భయపడాల్సిందేమీ లేదని ప్రకటించేశాడు.

ఆయన భార్య పిల్లల ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వీధిలో అందరికీ నర్సమ్మ. సూది గుచ్చేముందు పిల్లల్ని నవ్వించడం ఆమెకు తెలుసు. తను నవ్వుతూనే గుచ్చడం ఇంకా బాగా తెలుసు.

ఆ వ్యానులో మొదటిసారి కొండలు దాటి సముద్రం దాకా వెళ్ళొచ్చినప్పుడు, దారిలో ఏం చూశావని ఎవరైనా అడిగితే నర్సమ్మ, మా ఆయన మెడ వెనకభాగం చూశానని చెప్పేది. కొండ మలుపులో ఒక సరస్సు కనబడింది. ఆపమంది. తిరిగొచ్చేటప్పుడు ఆగుదామన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దగ్గరదారి దొరికిందని వేరే రోడ్డున తీసుకొచ్చాడు. దానికి ఆమె ఒక్క మాటా అనలేదు. ఆమె మాట అనకపోవడం మంచి సూచన కాదని ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గ్రహించి ఉండాల్సింది.

రెండో ప్రయాణానికి ముందు సెకనుముల్లు వ్యానుకు స్వయంగా రంగు వేశాడు. నిగనిగలాడే పసుపు. కుంచె పట్టాక చెయ్యి ఆగదు కనక తలుపులు, బంపర్లు, చక్రాల మధ్య బిళ్ళలు, పక్కనున్న చిన్న తలుపు, ఆ తలుపు వెనకుండే పెట్రోలు ట్యాంకు మూత, అన్నిటికీ వేశాడు. ఇంకాసేపుంటే అద్దాలకు కూడా వేసేవాడని వాళ్ళమ్మ అంది.

ఈసారి ఆ అమ్మ కూడా బయల్దేరింది. పెద్దావిడకు మోకాళ్ళు సరిగ్గా పనిచేయవు గానీ కళ్ళూ చెవులూ కొత్తవాటిలా ఉన్నాయి. నాలుగో మనిషి నర్సమ్మ తమ్ముడు. ఇళ్ళకు కరెంటు పనులు చేస్తాడు. బావకు తను పెట్టిన పేరుకు బదులుగా బావ అతనికి ఫ్యూజు అని పేరు పెట్టాడు. ఇంట్లో పాలు విరిగినా వైరింగులోనే లోపముందనే మనిషి ఫ్యూజు. మగవాళ్ళిద్దరూ ముందు సీట్లో, అత్తాకోడళ్ళు వెనక కిటికీ దగ్గర. అలా బయల్దేరారు.

మైదానంలో వ్యాను చక్కగానే నడిచింది. కొండ ఎక్కడం మొదలుపెట్టాక ఒకచోట సన్నగా వణికింది. ఆ తర్వాత దగ్గింది. వెనక నుంచి టప్ టప్ మని చప్పుళ్ళు. కాలు ఎంత నొక్కినా పుల్లింగు లేదు. పాలక్యాన్లు కట్టుకుని సైకిలు తొక్కుకుంటూ పోతున్నాయన వాళ్ళను దాటుకుని వెళ్ళి, వెనుదిరిగి జాలిగా చూశాడు. ఇంకాస్త దూరం ఈడ్చుకుని వ్యాను ఆగిపోయింది. ఆగింది కొండ మలుపులో, సరిగ్గా ఆ సరస్సుకు ఎదురుగా.

బావా బావమరుదులు ఇంజను తలుపెత్తారు. ఇంజను మిస్ కొడుతోంది, అంతవరకూ ఇద్దరికీ ఒకే అభిప్రాయం. ఎందుకు కొడుతోందన్న దగ్గర దారులు చీలిపోయాయి. టైమింగు తప్పిందన్నాడు సెకనుముల్లు. కరెంటు అందడం లేదన్నాడు ఫ్యూజు. ఏ సిలిండరు పనిచేయడం లేదో తేల్చడానికి ఫ్యూజు ఇంజను స్టార్టు చేయించి, ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఒక వైరు అతణ్ణి గట్టిగా పలకరించింది. అతను రోడ్డు మధ్యదాకా గెంతి, జుట్టు సవరించుకుంటూ తిరిగొచ్చి, స్పార్కు మాత్రం బ్రహ్మాండంగా ఉందని ఒప్పుకున్నాడు.

సెకనుముల్లు ప్లగ్గులు విప్పి భూతద్దంతో చూశాడు. కొసలు తెల్లగా ఉన్నాయి. ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడమని బావమరిదికి చూపించి మురిసిపోయాడు. ప్లగ్గు కొస అంత తెల్లగా ఉందంటే ఇంజనుకు పెట్రోలు చాలక ఆకలితో ఉందని అర్థం. ఆ సంగతి ఆయనకు తర్వాత తెలిసింది గానీ అప్పటికి తెలియదు. ప్లగ్గుల నోళ్ళ మధ్య ఖాళీ కొలిచి, సరిచేసి, తిరిగి బిగించాడు.

ఈలోగా అత్తాకోడళ్ళు ఒడ్డున చాప పరుచుకుని కూర్చున్నారు. బాతులు నీళ్ళలో తలలు ముంచి తోకలు పైకెత్తడం చూసి పెద్దావిడ, మావాడు ఇంజనులోకి దూరినట్టే ఉందని నవ్వింది.

తలుపు వేసి తాళం తిప్పగానే వ్యాను పువ్వులా స్టార్టయింది. మరి ప్లగ్గులేనన్నమాట అని సెకనుముల్లు మీసం దువ్వుకున్నాడు. కొండ సగం ఎక్కేసరికి మళ్ళీ దగ్గు, మళ్ళీ టప్ టప్. ఈసారి ఫ్యూజు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాడు. స్టార్టయింది. మరి కరెంటేనన్నమాట అని అతను కాలరు ఎగరేశాడు. తర్వాతి ఊరికి ముందు మళ్ళీ ఆగింది. సెకనుముల్లు కార్బురేటరు విప్పి, అందులో పెట్రోలు చిమ్మే సన్నటి జెట్లను వాచీ పళ్ళచక్రాలను కడిగినంత శ్రద్ధగా కడిగాడు. మళ్ళీ నడిచింది. ఎవరు ఏం చేసినా బాగైపోయేది. బాగైన ప్రతిసారీ చేసినవాడు మహావైద్యుడైపోయేవాడు. మళ్ళీ ఆగేదాకా ఆ గౌరవం ఉండేది. ముందు సీట్లో వాదన ముదిరి బావా బావమరుదులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం మానేశారు.

ఆ తర్వాత వ్యాను ఆగిన చోటు మాత్రం ఏమీ బాగాలేదు. పాత టైర్లు గుట్టలుగా పోసిన స్థలం. నీడ లేదు, వాసన ఒకటి. లోపల డబ్బాలో ఉన్న పెట్రోలు కాస్త ట్యాంకులో పొయ్యమని సెకనుముల్లు ఇంజనులోంచే భార్యకు చెప్పాడు. నర్సమ్మ చిన్న తలుపు తెరిచి, పసుపు మూత పట్టుకుని తిప్పింది. మూత బిగుసుకుని రాలేదు. చీరచెంగుతో గట్టిగా పట్టి తిప్పింది. వదులైంది.

ఉస్సు మని పెద్ద నిట్టూర్పు. లోపల్నుంచి బయటికి వచ్చిన గాలి కాదు, బయటినుంచి లోపలికి పోయిన గాలి. ఆమె చెంగు కొస కూడా ఆ సందులోకి పీల్చుకుపోబోయింది.

నర్సమ్మ అలాగే నిలబడిపోయింది. ఆమెకు ఆస్పత్రి కళ్ళముందు కదిలింది. పాతకాలం గాజు సెలైను సీసాలు. బోర్లా వేలాడదీసి గొట్టం తగిలిస్తే కాసిన్ని చుక్కలు పడి ఆగిపోయేవి. లోపలికి గాలి పోవడానికి ఇంకో సూది గుచ్చాలి. అది గుచ్చడం మరిచిపోయిన కొత్త నర్సులు గొట్టం పిండి, సూది మార్చి, పిల్లాడి చెయ్యి అటూ ఇటూ తిప్పి నానా తంటాలు పడేవాళ్ళు. ఆమె మూత పైభాగం దగ్గరగా పెట్టుకుని చూసింది. నడిమధ్యన సన్నటి చిల్లు ఉండాల్సిన చోట గట్టిపడ్డ పసుపు రంగు. ట్యాంకుకు ఊపిరాడటం లేదు. పంపు ఎంత లాగినా పెట్రోలు రావడం లేదు. వీళ్ళు ఏదో ఒకటి విప్పి బిగించేలోగా సందుల్లోంచి కాస్త గాలి దూరి మళ్ళీ నడుస్తోంది. అంతే సంగతి.

జడలోంచి పిన్ను తీసి చిల్లు పొడిచింది. రంగు పెచ్చు ఊడొచ్చింది. డబ్బాలో పెట్రోలు పోసి, మూత పెట్టేసి, చెబుదామని ఇంజను దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ, ఇదేంటో నాకు తెలిసింది," అంది.

సెకనుముల్లు తలెత్తకుండానే, "నువ్వు ఇంజను విషయంలో వేలు పెట్టకు. వెళ్ళి అమ్మ దగ్గర కూర్చో. ఈ టైమింగు ఒక్కటి కుదిరిందంటే ఇక సముద్రం దాకా ఎక్కడా ఆగే పనే లేదు," అన్నాడు.

ఎక్కడా ఆగే పనే లేదు. నర్సమ్మ తెరిచిన నోరు మూసుకుంది. వెళ్ళి అత్తగారి పక్కన బుద్ధిగా కూర్చుంది. వ్యాను కొత్తదానిలా పరుగెత్తింది. టైమింగుకు జయం అని ముందు సీట్లోంచి వినబడింది. కిటికీలో ఒక జలపాతం కనబడి, తెల్లటి గీతలా మెరిసి, మాయమైంది. చెట్లకింద కుండలు అమ్ముతున్న అంగడి అలాగే పోయింది. ఒక వాగు, దాని మీద చెక్కవంతెన, వంతెన మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న పిల్లలు, అన్నీ పోయాయి. నర్సమ్మ మళ్ళీ ఆయన మెడ వెనకభాగం చూడటం మొదలుపెట్టింది. చూసి చూసి, మందుల సంచిలోంచి ప్లాస్టరు చుట్ట, చిన్న కత్తెర పైకి తీసి పెట్టుకుంది.

పెట్రోలు బంకులో మగవాళ్ళు ఇంజను తలుపు దగ్గర కాపలా ఉండేవాళ్ళు కనక మూత తీసి పెట్టే పని ఎప్పుడూ ఆమెదే. ఆరోజు మూత పెట్టాక, గోరంత గుండ్రటి ప్లాస్టరు ముక్క చిల్లు మీద అంటించి, చిన్న తలుపు మూసేసింది. మొహంలో ఏమీ లేదు. ఏడ్చే పిల్లాడికి, ఏం చెయ్యను నాన్నా, ఊరికే చూస్తానంతే అనేటప్పటి మొహమే అది.

తర్వాతి రెండు రోజుల్లో ఆమె ఆ వైద్యంలో చెయ్యి తిరిగిన మనిషైపోయింది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, తొందరగా ఆగుతుంది. సగం ఖాళీ ఉంటే ఆలస్యంగా ఆగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తొందర, పల్లంలో ఆలస్యం. పటం చూసుకుని, మోతాదు లెక్కగట్టి ప్లాస్టరు వేసేది. చూడాల్సింది చూశాక, బయల్దేరాలనిపించినప్పుడు నీళ్ళ డబ్బా కడగబోతున్నట్టు వెళ్ళి పీకేసేది. ఒక ఎర్రమట్టి లోయ చూశారు. ఒక సంతలో గాజు గోళీలు, చెక్క దువ్వెనలు కొన్నారు. ఒకసారి మాత్రం మోతాదు తప్పి, వ్యాను డ్రైవింగు పరీక్షలు పెట్టే మైదానం గేటు ముందు ఆగింది. లోపల్నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, గేరు మార్చడం ఎలాగో సెకనుముల్లుకు మొదటినుంచీ నేర్పాడు. ఆయన పళ్ళు బిగబట్టి విన్నాడు. నర్సమ్మ తెర చాటుకు వెళ్ళి చెంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే పెద్దావిడ ఆమెను పిలిచింది.

"అమ్మాయ్, నా మోకాలికని తెచ్చిన ప్లాస్టరు చుట్ట సగమైపోయిందే. నా మోకాలికి ఒక్క ముక్కా పడలేదు."

నర్సమ్మ మందుల సంచి మూతి బిగించింది.

"కిటికీ పక్కన కూర్చునేది నేను. ఆ చిన్న తలుపు ఉన్నది నా కిటికీ కిందే," అని పెద్దావిడ గొంతు తగ్గించింది. "నాకు పడవెక్కాలనుంది."

తన చిన్నతనంలో నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి పెద్ద జలాశయం చేశారని, దానిమీద పడవలు తిరుగుతాయని విన్నానని, ఆ దారినే ఎన్నోసార్లు పోయినా మొదట మొగుడు, తర్వాత కొడుకు ఎవరూ ఆగలేదని ఆవిడ చెప్పింది. ఈ సంగతి కొడుక్కి చెప్పే ఉద్దేశం తనకు లేదని, కాకపోతే పడవెక్కకపోతే వయసు మీదపడి నోరు జారే ప్రమాదం ఉందని కూడా చెప్పింది. అత్తాకోడళ్ళు పటం ముందేసుకుని చెవులు కొరుక్కున్నారు. అంతకుముందు వాళ్ళిద్దరూ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం ఇంట్లో ఎవరూ చూడలేదు.

మర్నాడు జలాశయం గట్టున వ్యాను దగ్గి, వణికి, ఆగింది. మగవాళ్ళు కార్బురేటరు మళ్ళీ విప్పారు. నర్సమ్మ అత్తగారిని చెయ్యి పట్టుకుని పడవెక్కించింది. పడవ నడిపేవాడు ఒక తెడ్డు ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ నీళ్ళలో చెయ్యి ముంచి, తీసి, మళ్ళీ ముంచి, నోరారా నవ్వింది. ఆ నవ్వు గట్టుమీది దాకా వినబడింది. బాగా చీకట్లు ముసరకముందే, పొద్దు ఇంకా మిగిలి ఉండగానే తిరిగొచ్చారు. వ్యాను వెంటనే స్టార్టయింది. ఫ్యూజు మాత్రం ఆ సాయంత్రమే ఊళ్ళోకి వెళ్ళి స్పార్కు పుట్టించే కాయిల్ కొత్తది తెచ్చి బిగించాడు. అసలు దొంగ పాత కాయిలేనని, వేడెక్కితే చచ్చిపోయి చల్లారితే బతుకుతోందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు.

మరుసటి పొద్దున బంకులో పెద్దావిడను నడిపించుకుని నర్సమ్మ ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. సెకనుముల్లుకు ఎదురుచూసే ఓపిక లేదు. తనే చిన్న తలుపు తెరిచాడు. మూత నడినెత్తిన గుండ్రటి ప్లాస్టరు. అంచులు కత్తెరతో ఎంత పొందికగా కత్తిరించి ఉన్నాయంటే, తను కూడా అంతకంటే బాగా కత్తిరించలేడు. కొసగోటితో లేపాడు. సన్నగా, ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది.

ఆయన గడియారాల మనిషి. ఒక పళ్ళచక్రం తిరిగిందంటే రెండోది ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. తెల్లటి ప్లగ్గులు, సరస్సు, లోయ, సంత, పడవ, అన్నీ ఒకదానికొకటి తగులుకుని తిరిగాయి. మొదట ఒళ్ళు మండింది. కార్బురేటరు విప్పీ విప్పీ వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. ఆ డ్రైవింగు ఇన్‌స్పెక్టరు గుర్తొచ్చాడు. ఇంకా మండింది. బంపరు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక నిన్నటి సంగతి మనసులోకి వచ్చింది. ఇంజను కిందినుంచి చూస్తే పడవలో తెడ్డు పట్టుకుని తన తల్లి. ఆవిడ అలా నవ్వడం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఈ జెట్టు ఇంకాసేపు మొరాయిస్తే బాగుండునని అప్పుడు తనకే అనిపించింది. అనిపించినందుకు తనకే ఆశ్చర్యం వేసి, ఫ్యూజును ఊరికే కసిరాడు.

ఆయన లేచాడు. ప్లాస్టరు ముక్కను వాచీ స్క్రూలు దాచుకునే చిన్న రేకుడబ్బీలో పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఆరోజు అత్తాకోడళ్ళ పథకం ప్రకారం వ్యాను ఒక పూలతోట దగ్గర ఆగాలి. పూలతోట వచ్చింది, వెళ్ళిపోయింది. వ్యాను బాణంలా దూసుకుపోతోంది. సెకనుముల్లు కూనిరాగం తీస్తున్నాడు. అత్తాకోడళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ప్లాస్టరు సరిగ్గా అంటలేదేమోనని నర్సమ్మ, చుట్ట పాతదైపోయిందేమోనని పెద్దావిడ అనుకున్నారు. అంతలో ఒక ఊరి నడిబొడ్డున, నాలుగు మొహాల గడియారస్తంభం కింద వ్యాను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

సెకనుముల్లు దిగి, చేతులు నలుపుకుంటూ, పానా అడిగొస్తానని స్తంభం కాపలా మనిషి దగ్గరికి వెళ్ళాడు. స్తంభం పైకి మెట్లున్నాయి. పానా పైనే ఉన్నట్టుంది. ఆయన ఎంతకీ దిగిరాలేదు. పైన గడియారం గంట కొట్టింది, ఇంకో గంట కూడా కొట్టింది. తను పని నేర్చుకునే రోజుల్లో గురువు ఆ గడియారం లోలకం గురించి కథలు కథలుగా చెప్పేవాడట. ఒక్కసారి చూడాలని అప్పటినుంచీ ఆశ. అందర్నీ ఎక్కడా ఆగనివ్వని మనిషి, నాకోసం ఆపుతానని ఏ మొహంతో చెబుతాడు? దిగొచ్చాక మొహం వెలిగిపోతోంది, చేతిలో పానా లేదు. తాళం తిప్పాడు. వ్యాను నడిచింది.

తర్వాత వ్యాను ఒక మంగలి దుకాణం ముందు ఆగింది. ఆయన గడ్డం గీయించుకున్నాడు. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక పెద్ద చెట్టు నీడలో ఆగింది. ఇంజను చల్లారాలని ఆయన సీటు వెనక్కి వాల్చి గుర్రుపెట్టాడు. ఫ్యూజు కొత్త కాయిల్ తడిమి చూసి, చల్లగానే ఉందే అని బుర్ర గోక్కున్నాడు.

నర్సమ్మ కళ్ళు మూసుకుని ఆ కుదుపులు విన్నది. ఊపిరాడని ఇంజను జబ్బు ఆమెకు బాగా తెలుసు. అది మెల్లగా మొదలవుతుంది. ముందు నీరసం, తర్వాత దగ్గు, ఆ తర్వాత టప్ టప్. ఈ కొత్త జబ్బుకు నీరసం లేదు, దగ్గు లేదు. బాగా పరుగెడుతూ పరుగెడుతూ ఠక్కున పడిపోతుంది. ఎత్తులో రాదు, భోజనం కాగానే వస్తుంది. బడికి పోయే వేళకు మొదలై బడి గంట కొట్టాక తగ్గిపోయే కడుపునొప్పులు ఆమె ఆస్పత్రిలో ఎన్ని చూడలేదు?

ఫ్యూజును వెనక్కి పంపి, నడుము నొప్పి అని తను ముందు సీట్లో కూర్చుంది. కాస్త దూరం పోయాక రోడ్డు పక్కన పాత వస్తువుల అంగడి ఒకటి, అందులో గోడగడియారాల వరస కనబడ్డాయి. సెకనుముల్లు ఎడమచెయ్యి స్టీరింగు మీదే ఉంది. కుడిచెయ్యి మాత్రం నెమ్మదిగా తాళంచెవి మీదికి జారింది. వ్యాను ఠక్కున కుదిపి ఆగింది.

నర్సమ్మ అరచెయ్యి తిరగేసి, జ్వరం చూసినట్టు స్టీరింగు పక్క పలకకు ఆనించింది.

"ఒళ్ళు వెచ్చగా లేదే. ఎక్కడ నొప్పి?" అని వ్యానునే అడిగింది. "నాలిక చూపించమనండి."

సెకనుముల్లు రోడ్డుకేసే చూస్తూ జేబులోంచి రేకుడబ్బీ తీసి, మూత తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నాలిక మీద ఇది దొరికింది," అన్నాడు. "కత్తిరింపు బాగుంది."

నర్సమ్మ ఆ గుండ్రటి ముక్కను చూసింది. ఆయన వైపు చూసింది. ఆయన పెదవి చివర వణుకుతోంది. కోపమా, నవ్వా అని ఆమె ఒక్క క్షణం తేల్చుకోలేకపోయింది. అంతలో వెనకనుంచి పెద్దావిడ, "ఒరేయ్ అబ్బాయ్, కోడల్ని ఏమీ అనకు. పడవ నేనే అడిగాను," అంది. దాంతో ఆయన ఆపుకోలేకపోయాడు. స్టీరింగు మీద తల వాల్చేసి నవ్వాడు. హారను దానంతట అదే మోగింది. అంగడివాడు బయటికొచ్చి ఏం కావాలన్నాడు. ముందు సీట్లో ఇద్దరూ నవ్వుతూనే ఏమీ వద్దని చేతులూపారు.

ఫ్యూజు ఒక్కడికే ఏమీ అర్థం కాలేదు. అప్పటికే అతను దిగి ఇంజను తలుపెత్తి, కాయిల్ వైర్లు బిగిస్తున్నాడు. అసలు సంగతి అతనికి చెబుదామా అని సెకనుముల్లు అడిగాడు. పాపం, కాయిల్ చూసుకుని అంత సంబరపడుతున్నాడు, వద్దులెండి అంది నర్సమ్మ. ముగ్గురూ అతనికి పూర్తి మార్కులేశారు. అతను ఆ మిగతా దారంతా ఇంటి వైరింగుల గురించి ఉపన్యాసం చెప్పాడు. అంతా వినయంగా విన్నారు. ఇక మీదట ఎవరికి ఆగాలనిపిస్తే వాళ్ళు నోరు తెరిచి అడగాలని, అడిగితే ఆపాలని ఆరోజు రాత్రి భోజనాల దగ్గర ఒప్పందం కూడా అయింది. ఒప్పందం అయితే అయింది గానీ, పక్కవాళ్ళు దానికి కట్టుబడి ఉంటారని ముగ్గురిలో ఎవరూ నమ్మలేదు.

మర్నాడు, సముద్రానికి ముందున్న చివరి ఎత్తు మీద, ఇంకాస్తలో శిఖరం అనగా, వ్యాను వణికింది. దగ్గింది. ఆగింది.

సెకనుముల్లు అద్దంలో, మళ్ళీ వెనక కూర్చున్న భార్యకేసి చూసి చిన్నగా నవ్వాడు. మళ్ళీ మొదలుపెట్టావా అన్నట్టు. నర్సమ్మ అత్తగారికేసి చూసింది. ప్లాస్టరు చుట్ట ఇప్పుడు ఆవిడ సంచిలోనే ఉంది మరి. పెద్దావిడ కొడుకు చెయ్యి తాళంచెవి మీద ఉందేమోనని మెడ చాచింది. ఎవరికి వాళ్ళు, మిగతా ఇద్దరిలో ఒకరు ఎప్పుడో ఒప్పుకుంటారులే అని తాపీగా కూర్చున్నారు. పైగా చోటు కూడా బాగుంది. గాలి చల్లగా వీస్తోంది. పెద్దావిడ మరమరాల పొట్లం విప్పింది. అలా చాలాసేపు గడిచింది.

ఎవరి మీదా అనుమానం లేని మనిషి వ్యానులో ఫ్యూజు ఒక్కడే. అతను దిగి ఇంజను చూశాడు, కాయిల్ చూశాడు, పైపులు తడిమాడు. తర్వాత చిన్న తలుపు తెరిచి, మూత తీసి, రోడ్డు పక్కనున్న పుల్ల ఒకటి విరిచి ట్యాంకులో ముంచి తీశాడు. కిటికీ దగ్గరికొచ్చి ఆ పుల్ల లోపలికి చాపాడు. పొడిగా ఉంది.

"పెట్రోలు లేదు బావా," అన్నాడు. "పొద్దున బంకులో ఎవరూ పోయించలేదా?"

పొద్దున బంకులో నర్సమ్మ ఆయనే వచ్చి పోయిస్తాడనుకుంది. ఆయన ఇక ఆ మూత జోలికి వెళ్ళనని మర్యాద పాటించాడు. వ్యానులో పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం మీదే నిలబడి ఉంటుంది. ఆ ఒక్క గడియారాన్ని ఆయన బాగుచెయ్యలేకపోయాడు. మరమరాల పొట్లం మీద ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

చేసేదేముంది, దిగారు. పెద్దావిడను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. తిప్పనక్కర్లేదు, ఊరికే పట్టుకోమన్నారు. ఆవిడ రెండు చేతులా పట్టుకుని, రోడ్డు తన సొంతమన్నట్టు కూర్చుంది. మిగతా ముగ్గురూ వెనకనుంచి తోశారు. సెకనుముల్లు అడుగుకోసారి ఆగి ఆయాసపడ్డాడు. శిఖరం దాటగానే వ్యాను తనంతట తనే కదలడం మొదలుపెట్టింది. ఆయన పరుగెత్తుకెళ్ళి, తల్లిని పక్కకు జరిపి బ్రేకు మీద కాలేశాడు. అందరూ ఎక్కారు. ఇంజను చప్పుడు లేకుండా, గాలి చప్పుడు మాత్రం వింటూ, వంపులు తిరుగుతున్న రోడ్డున వ్యాను కిందికి జారసాగింది. దూరంగా నీళ్ళు ఎండకు తళతళలాడాయి.

"ఈ బండి ఇంత మెత్తగా ఎప్పుడూ నడవలేదురా," అంది పెద్దావిడ. "ఇప్పుడేం బాగుచేశారు?"

ఇసుక మొదలైన చోట వ్యాను నెమ్మదించి, నెమ్మదించి ఆగింది. డబ్బా పట్టుకుని పెట్రోలుకు ఎవరు వెళ్ళాలన్నది తేలలేదు. ఆరోజంతా తేలలేదు.